పండగ వారం జంతువులకు ఏం పెడదాం? ట్రీట్లు, ఎన్‌రిచ్‌మెంట్ (జంతువులకు విసుగు లేకుండా పని కల్పించడం) మీద సలహాలు కావాలి

కొత్తకీపర్ | సోమవారం, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. వైల్డ్‌లైఫ్ పార్కులో చేరి ఎనిమిది నెలలైంది. ఏడాది చివరి సెలవుల వారంలో జంతువులకు పండగ ట్రీట్లు ఇచ్చే పని ఈసారి నా నెత్తిన పడింది. చేతిలో తొమ్మిది రోజులే ఉన్నాయి, టెన్షన్‌గా ఉంది.

నా లెక్కలోకి వచ్చేవి: ఎలుగుబంట్లు రెండు, పద్నాలుగేళ్ల ఆడపులి ఒకటి, పదకొండు కోతుల గుంపు, ఏనుగులు రెండు, నీటికుక్కల జంట, మకావ్ చిలకలు ఆరు, తాబేళ్లు ఎనిమిది.

అనుకున్నది ఇదీ. ఎలుగుబంట్లకు పళ్లు, తేనె కలిపి పెద్ద కేకు. పులికి లోపల మాంసం పెట్టిన ఐస్ దిమ్మ. కోతులకు రంగు కాగితం చుట్టి రిబ్బన్ కట్టిన గిఫ్ట్ డబ్బాలు. ఏనుగులకు ఇళ్లలో వాడేసిన క్రిస్మస్ చెట్లు. మిగతావాటికి ఇంకా ఏమీ తట్టలేదు. ఫొటోల్లో బాగా పడాలని పైనుంచి గట్టిగా చెప్పారు.

తప్పులుంటే ఇప్పుడే తిట్టేయండి. పండగ రోజు తిట్లు తినే ఓపిక ఉండదు.

పాతకాపు | సోమవారం, ఉదయం 8:15

తిట్టేంత ఏమీ లేదు తల్లీ. ఒక్కటే అడుగుతాను. ఆ కేకును ఎలుగుబంటి ఎంతసేపట్లో తింటుంది? నేను చూసినంతలో నాలుగు నిమిషాలు. ఆ తర్వాత మూతి నాక్కుంటూ గేటు దగ్గర నిలబడుతుంది. మధ్యాహ్నమంతా దానికి పనేమీ ఉండదు.

నేను ట్రీట్‌ను గడియారంతో తూస్తాను. అవే పళ్లు, అదే తేనె ఉంచుకో, కేకు మాత్రం మానెయ్. బాగా ఎండిన మొద్దు ఒకటి సంపాదించి నలభై చిల్లులు వేయించు, బొటనవేలు పట్టేంత వెడల్పు, వేలెడు లోతు. కొన్నిట్లో నానబెట్టిన మేత గుళికలు కూరు, కొన్నిట్లో తేనె రాయి, కొన్ని ఉత్తవే వదిలెయ్. అన్నిటికీ తడిమట్టితో మూతలు పెట్టు. ఉత్తవి ఎందుకంటావా, చిల్లు చిల్లుకీ దొరికితే అది వెతకడం కాదు, విస్తరి ముందు కూర్చున్నట్టే.

మీవి స్లాత్ బేర్లు అయితే మరీ మంచిది. ఆ జాతికి పైవరస ముందు పళ్లలో మధ్యవి రెండు ఉండవు. పెదవులు గొట్టంలా చేసి, ముందు ఫూ అని మట్టి ఊదేస్తుంది, తర్వాత ముక్కు మూసుకుని ఆ సందులోంచి జుర్రున లాగుతుంది. అడవిలో చెదపుట్ట దగ్గర చేసేదీ ఇదే. మా దగ్గర మొద్దు మీద ఆ చప్పుడు మొదలైతే టికెట్ కౌంటర్ దాకా వినపడేది. జనం ఏదో మోటారు పాడైందనుకుని చూడ్డానికి వచ్చేవాళ్లు. నీ ఫొటోల బాధ అక్కడే తీరిపోతుంది.

సూదిమందు | సోమవారం, ఉదయం 9:05

మొద్దుకు నా ఓటు. నేను వెట్‌ని, కాబట్టి సరదా పాడుచేయడం నా ఉద్యోగంలో భాగం.

మొదట పళ్ల సంగతి. బజారులో దొరికే పళ్లు మనుషుల నాలుక కోసం తరతరాలుగా తీపి పెంచుకుంటూ వచ్చిన రకాలు. అడవి పండులో పీచు ఎక్కువ, చక్కెర తక్కువ. ఇంగ్లండ్‌లో పెయిన్‌టన్ జూ 2014లో కోతులకు అరటిపళ్లు మాన్పించింది. మెల్‌బోర్న్ జూ కూడా ఇదే దారి పట్టింది. ఎర్ర పాండాలకు, కోతిజాతులకు ఒళ్లు పెరగడం, పళ్లు పుచ్చడం చూసి పళ్లు తగ్గించి ఆకుకూరలకు మారినట్టు 2018లో చెప్పింది. కోతులకు షుగర్ వ్యాధి రావడం కథ కాదు, నేను ఇన్సులిన్ ఇచ్చినవి ఉన్నాయి. పండగ కదా అని రోజూ పెట్టేదానిమీద అదనంగా పెట్టొద్దు. ఆ రోజు రేషన్‌లోంచే తీసి, దాన్నే దాచిపెట్టండి.

చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి ఎవరికీ వద్దు. అవకాడో మకావ్‌ల దరిదాపుల్లోకి రాకూడదు. అందులో ఉండే పెర్సిన్ పక్షుల గుండె మీద దెబ్బ కొడుతుంది. అలంకరణ కోసం కొమ్మలు తెస్తే, తెచ్చినవాళ్లను పేరు చెప్పమనండి. గన్నేరు కొమ్మో, యూ చెట్టు కొమ్మో అందులో కలిసిందంటే ఆ పండగ నా పోస్ట్‌మార్టం టేబుల్ మీద ముగుస్తుంది.

పద్నాలుగేళ్ల పులి అంటే ముసలమ్మే. గట్టి ఐస్‌లో ఎముక గడ్డకట్టించి ఇస్తే కోర విరగొచ్చు. మాంసం కడిగిన రక్తపు నీళ్లు ట్రేల్లో పోసి పలకల్లాగా గడ్డకట్టించండి, నాకడానికి సరిపోతాయి. అసలు మీ దగ్గర ఇప్పుడు చలికాలమా? అయితే చలిలో వణికే ముసలిదానికి ఐస్ ఎందుకమ్మా? ఫొటోల్లో చూసిన ఐస్ కేకులు చాలావరకు ఎండాకాలానివి.

కొత్తకీపర్ | సోమవారం, ఉదయం 9:30

చలికాలమే మేడమ్. ఆ మాట నాకు తట్టనే లేదు. జాబితాలోంచి ఐస్ కొట్టేశాను.

కెమెరాకన్ను | సోమవారం, మధ్యాహ్నం 1:10

నేను కీపర్‌ని కాను, ఏటా పండగకు ఫొటోలు తీయడానికి వెళ్లే సందర్శకుణ్ణి. మీరంతా కలిసి పండగలో ఉన్న రంగంతా లాగేస్తున్నారు. రిబ్బన్ విప్పుతున్న కోతి ముఖం చూడ్డానికే పిల్లలు వస్తారు. మొద్దు ఫొటోలో మొద్దులాగే ఉంటుంది. నిరుడు నీటికుక్కలు వెల్లకిలా పడుకుని గులకరాళ్లు గాల్లోకి ఎగరేసి పట్టుకుంటుంటే వీడియో తీశాను. పండగ సంతోషం వాటికీ తెలుస్తుంది!

లెక్కలమాస్టారు | సోమవారం, మధ్యాహ్నం 1:50

కెమెరాకన్ను గారూ, ఆ రాళ్లాట మీద ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్ల పరిశోధన 2020లో వచ్చింది. నీటికుక్కలు ఆకలిగా ఉన్నప్పుడు ఆ ఆట ఎక్కువ ఆడుతున్నాయని తేలింది. మీరు వీడియో తీసిన టైము మేతకు ముందో వెనకో చూడండి.

కెమెరాకన్ను | సోమవారం, మధ్యాహ్నం 2:05

...మేతకు పది నిమిషాల ముందు. బాధగా ఉంది మాస్టారూ.

పాతకాపు | సోమవారం, సాయంత్రం 6:20

కెమెరాకన్ను తమ్ముడూ, డబ్బాలు వద్దని నేను అనలేదు. డబ్బా బంగారం. దానికి చుట్టే సరంజామాతోనే వస్తుంది చావు.

చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒకచోట పండగకు ముప్పై డబ్బాలు కట్టాం. అన్నిటి టేపూ నా చేతులతో నేనే పీకాను. ఒకదానికి అడుగున మిగిలిపోయింది. ఒక కుర్రకోతి దాన్ని పీకింది, పళ్లతో సాగదీసింది, నా కళ్లముందే మింగేసింది. వెట్‌ని పిలిస్తే, కనిపెట్టుకుని ఉండమన్నారు. రెండు రోజులు దాని పెంట పుల్లతో కెలుక్కుంటూ కూర్చున్నాను. తిండి తినలేదు, ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు తెల్లవారుజామున దొరికింది, ఏడంగుళాల ముక్క, మడతలు మడతలుగా. దాన్ని కడిగి నా లాకరు తలుపు లోపలివైపు అంటించాను. రిటైరయ్యేదాకా అక్కడే ఉంది.

అందుకని, టేపు వద్దు. స్టేపుల్ పిన్నులు ఒక్కోటి చూసి లాగెయ్యాలి. మైనంలాగా మెరిసే అట్ట వద్దు. అతికించడానికి మైదాపిండి ఉడికించిన జిగురు చాలు. రంగులు కావాలా, బీట్‌రూట్ రసం, పసుపు నీళ్లు బ్రష్షుతో పూయించండి, పార్కుకి వచ్చే పిల్లలతోనే పూయించండి. ఫొటోలో ఎర్రగా, పచ్చగా పడుతుంది, కోతి నమిలినా ఏమీ కాదు. రిబ్బన్ కావాలంటే ఎండుగడ్డి పేని తాడు చెయ్యండి. కట్టాక ఉచ్చు మిగలకూడదు. పిల్లకోతి తల ఎందులోనైనా దూరుతుంది.

సూదిమందు | సోమవారం, సాయంత్రం 7:00

ఇంకోటి. పదకొండు కోతులకు పదకొండు డబ్బాలు కట్టావనుకో, గుంపు పెద్దకి ఆరు దొరుకుతాయి, కింది మెట్టు మీద ఉన్నదానికి కాట్లు దొరుకుతాయి. పండగ మర్నాడు నేను కుట్లు వేసేది వీటికే. కనీసం పదహారు కట్టు. దూరదూరంగా పెట్టు. ఒకదాని దగ్గర కూర్చుంటే ఇంకోటి కనపడకూడదు. రాయి వెనక రెండు, పైన అటక మీద రెండు, నీళ్ల తొట్టి అవతల రెండు, అలాగ.

ఎదురుప్రశ్న | సోమవారం, రాత్రి 9:45

అందరూ సంబరంగా ఉన్నారు, పానకంలో పుడకలాగా వస్తున్నాను. ఏడాదికి మూడు వందల అరవై రోజులు గోడల మధ్య తిప్పి, నాలుగు రోజులు అట్టడబ్బాలు ఇచ్చి మురిసిపోవడం ఏమిటండీ? డబ్బా పులికా, పులిని చూసే మన మనస్సాక్షికా? గోడ పొడవునా అటూ ఇటూ తిరిగి తిరిగి పులి అడుగుల కింద బాట పడిపోవడం నేను చిన్నప్పుడు చూశాను. ఇప్పటికీ మర్చిపోలేదు.

పాతకాపు | సోమవారం, రాత్రి 10:10

ఆ బాట నేనూ చూశాను. ఆ గేటు తాళం చాలా ఏళ్లు నా మొలకే ఉంది కాబట్టి మీకంటే ఎక్కువసార్లే చూశాను.

లెక్కలమాస్టారు | సోమవారం, రాత్రి 11:30

ఎదురుప్రశ్న గారి ప్రశ్న తీసిపారేసేది కాదు. 2003లో నేచర్ పత్రికలో రోస్ క్లబ్, జార్జియా మేసన్ రాసిన వ్యాసం ఉంది. అడవిలో ఎంత విశాలంగా తిరిగే మాంసాహారి అయితే, బందీగా ఉన్నప్పుడు అంత ఎక్కువగా అటూఇటూ తచ్చాడుతుందని, దాని పిల్లలూ ఎక్కువగా చనిపోతాయని లెక్కలు చూపించారు. ధ్రువపు ఎలుగుబంటి ఆ జాబితాలో పైన ఉంటుంది. న్యూయార్క్ సెంట్రల్ పార్క్ జూలో గస్ అనే ధ్రువపు ఎలుగుబంటి 1990ల్లో కొలనులో ఎనిమిది అంకె ఆకారంలో గంటల తరబడి ఈదుతుంటే ఊరంతా చెప్పుకుంది. ప్రవర్తన నిపుణుణ్ణి పిలిపించారు. మేతను ఐస్‌లో గడ్డకట్టించి, వెతుక్కునేలా దాచిపెట్టి, ఆటవస్తువులు ఇచ్చారు. ఆ ఈత తగ్గింది, పూర్తిగా పోలేదు. ఎన్‌రిచ్‌మెంట్ చేయగలిగేదీ, చేయలేనిదీ రెండూ ఆ ఒక్క ఎలుగుబంటిలో కనిపిస్తాయి.

అయితే ఇది పండగ సరదాగా పుట్టిన సంగతి కాదు. 1970ల్లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ జూలో హాల్ మార్కోవిట్జ్ గిబ్బన్ల (చేతులతో ఊగుతూ తిరిగే తోకలేని వానరాల) కోసం ఒక ఏర్పాటు చేశాడు. దీపం వెలగగానే ఒక మీట లాగాలి, ఊగుకుంటూ అవతలి చివరకు వెళ్లి రెండో మీట లాగాలి, అప్పుడు మేత పడుతుంది. అంతకుముందు 1963లో గ్లెన్ జెన్సెన్ ఎలుకల మీద చేసిన ప్రయోగం ఉంది. పక్కనే గిన్నెలో ఉచితంగా మేత ఉన్నా, చాలా ఎలుకలు మీట నొక్కి సంపాదించుకున్న మేతనే ఎక్కువగా తిన్నాయి. కష్టపడి తినడం వాటికి శిక్ష కాదన్నమాట. ఈ విషయంలో పిల్లులది వేరే దారి. 2021లో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు ఇంటి పిల్లులతో చేసి చూస్తే అవి పళ్లెంలో ఉన్నదే తినేసి పడుకున్నాయి. పెంచినవాళ్లెవరికీ ఆశ్చర్యం వేసి ఉండదు.

ఎదురుప్రశ్న | మంగళవారం, ఉదయం 6:50

గస్ సంగతి తెలియదు. చదివాను. నా అభిప్రాయం మారలేదు గానీ, ఉన్నవాటికి ఏదో ఒకటి చేయొద్దని నేను అనడం లేదు. చేస్తే నాలుగు రోజులతో ఆపొద్దు అంటున్నాను.

అరుగుపెద్ద (మోడరేటర్) | మంగళవారం, ఉదయం 7:15

జంతుప్రదర్శనశాలలు ఉండాలా వద్దా అన్నదానికి వేరే చర్చ నడుస్తోంది, మిగతా వాదన అక్కడ. ఇక్కడ తొమ్మిది రోజుల్లో ఎనిమిదే మిగిలాయి. ఏనుగుల వాళ్లెవరైనా ఉన్నారా?

ఏనుగుతొండం | మంగళవారం, ఉదయం 11:00

ఉన్నాను. ఇప్పుడే పేడ ఎత్తి వచ్చాను.

చెట్లు మంచి ఆలోచనే. సూదుల్లాంటి ఆకులు, బెరడు, జిగురు వాసన, అన్నీ ఏనుగులకు ఇష్టం. ముందు తొండంతో వాసన చూస్తాయి, కాలితో తొక్కిపట్టి కొమ్మలు విరుస్తాయి, ఒక కొమ్మతో వీపు గోక్కుంటాయి, ఆఖరికి తింటాయి. కాకపోతే ఇళ్లలో వాడేసిన చెట్టు వద్దే వద్దు. బెర్లిన్‌లో ఏటా పండగ అయ్యాక ఏనుగులకు చెట్లు వేస్తారు, ఫొటోలు చూసే ఉంటారు. అవి అమ్ముడుపోకుండా మిగిలినవి, అమ్మేవాళ్ల దగ్గర నుంచి నేరుగా వస్తాయి. ఇంటి చెట్టుకు మెరుపు తీగలు, కొక్కేలు, మంట అంటకుండా కొట్టిన మందు, నకిలీ మంచు, ఏదైనా ఉండొచ్చు. ఎంత దులిపినా ఒక కొక్కెం మిగులుతుంది. పాతకాపు గారి టేపు లాంటిదే.

గుమ్మడికాయలు దొరికితే ఇంకా మజా. మాస్టారు చెప్పిన పోర్ట్‌లాండ్ జూనే ఇప్పుడు ఆరెగాన్ జూ అంటారు, అక్కడ 1999లో ఒక రైతు దాదాపు 375 కిలోల గుమ్మడికాయ ఇచ్చాడు. అప్పటినుంచి ప్రతి ఏడాదీ పెద్ద ఏనుగులు గుమ్మడికాయలు తొక్కి పగలగొట్టడం అక్కడ ఒక వేడుక. ఇందులో నాకు నచ్చేది కాలు పెట్టే తీరు. ఒక్కసారిగా తొక్కదు. అరికాలు ఆనించి, కాస్త ఒత్తి, గుండ్రంగా ఉన్నది జారుతుందేమో చూసుకుని, ఆ తర్వాత బరువు వేస్తుంది. టప్పున పగిలాక గుజ్జులోంచి గింజలు తొండం కొసతో ఏరుకుంటుంది. అంత పెద్దది అంత చిన్న పని చేస్తుంటే నేను చీపురు పక్కన పెట్టి చూస్తాను, మా సూపర్‌వైజర్ అరిచినా సరే.

ఒక విషయం ఎవరూ రాయలేదు, అందుకే రాస్తున్నాను. పండగంటే ట్రీట్లతో పాటు టపాసులు, లాంతర్లు కూడా. జర్మనీలో క్రేఫెల్డ్ జూలో 2020 కొత్త సంవత్సరం రాత్రి, బయట ఎవరో వదిలిన ఆకాశ లాంతర్లు వచ్చి కోతుల ఇంటి మీద పడ్డాయి. ఒరాంగుటాన్లు, గొరిల్లాలతో సహా ముప్పైకి పైగా జంతువులు కాలిపోయాయి. రెండు చింపాంజీలు మిగిలాయి. ఆ రాత్రి డ్యూటీలో ఎవరుంటారు, మంటలార్పే గొట్టం ఎక్కడుంది, నైట్ హౌస్ (జంతువులు రాత్రి పడుకునే గది) పైకప్పు దేనితో చేసింది, ఇవి ముందే చూసుకోండి. చప్పుడు వినపడకుండా నైట్ హౌస్‌లో ముందు రోజుల నుంచే ఫ్యాన్ లాంటి ఒకే రకం మోత అలవాటు చేస్తే కొంత నయం.

కొత్తకీపర్ | మంగళవారం, మధ్యాహ్నం 12:30

నైట్ హౌస్ పైకప్పు చూసొచ్చాను. ప్లాస్టిక్ షీట్లు. పైవాళ్లకు రాశాను. ఆ రాత్రి నేనే ఉంటానని కూడా రాశాను, ఇంట్లో ఇంకా చెప్పలేదు.

పులికి ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు.

లెక్కలమాస్టారు | మంగళవారం, మధ్యాహ్నం 1:20

వాసన. న్యూయార్క్ బ్రాంక్స్ జూలో 2003లో 24 రకాల సెంట్లు తెచ్చి చీతాలకు పెట్టి చూశారు. కాల్విన్ క్లెయిన్ వాళ్ల మగవాళ్ల సెంటు అబ్సెషన్ దగ్గర సగటున 11 నిమిషాలు గడిపాయి. దాంట్లో పునుగు వాసన పోలిన పదార్థం ఉండడమే కారణమని అనుకుంటున్నారు. తర్వాత గ్వాటెమాలా అడవుల్లో జాగ్వార్లను కెమెరా ముందు నిలబెట్టడానికి పరిశోధకులు ఇదే సెంటు వాడారు.

కెమెరాకన్ను | మంగళవారం, మధ్యాహ్నం 1:35

నా దగ్గర ఆ సెంటే ఉంది. ఇకనుంచి పులి ఎన్‌క్లోజర్ దగ్గరికి పూసుకుని వెళ్లాలా మానాలా?

పాతకాపు | మంగళవారం, సాయంత్రం 6:05

గాజు అవతల ఉన్నంతవరకు వెళ్లు తమ్ముడూ, ఫొటోలు దగ్గరగా వస్తాయి.

తల్లీ, సెంటు లేకపోయినా ఫరవాలేదు. గోనెసంచిలో జింకలు పడుకున్న గడ్డి కూరి మూతి కుట్టెయ్, జనపనార దారంతో. దాన్ని చెట్టు వెనకో, బండ మీదో పడెయ్. ఖర్చు లేదు, కేలరీలు లేవు. పులి బుగ్గలు రుద్దుతుంది, నోరు సగం తెరిచి పెదవి ముడిచి వాసన లోపలికి లాగుతుంది, తర్వాత సంచిని చంపుతుంది.

సూదిమందు | మంగళవారం, సాయంత్రం 6:15

గడ్డి తీసే ముందు ఆ జింకల పెంట ఒకసారి ల్యాబ్‌కి పంపండి. పురుగులు లేవని తేలాకే సంచి.

తాబేలునడక | మంగళవారం, రాత్రి 8:40

చదువుతూ వస్తున్నాను, తాబేళ్ల దగ్గరికి ఎవరైనా వస్తారేమోనని. ఎవరూ రాలేదు. ఎప్పుడూ ఇంతే.

ఎనిమిది తాబేళ్లకూ ఒకేచోట ఆకులు కుప్ప పోయొద్దు. ఎన్‌క్లోజర్ నలుమూలలా చల్లండి, కొన్ని చిన్న గట్టు మీద. మందారపూలు దొరికితే మధ్యమధ్యలో పెట్టండి, దూరం నుంచే చూసి బయల్దేరుతాయి. గుమ్మడికాయ అయితే గుండ్రంగా వదలకండి, ఒకచోట చెక్కు తీయండి, లేకపోతే పాపం మూతితో తోసుకుంటూ గోడదాకా వెళ్లి ఆగిపోతాయి. చలికాలం కాబట్టి ఇదంతా వేడి దీపం కింద ఒళ్లు వెచ్చబడ్డాకే. చల్లటి ఒంట్లో మేత అరగదు.

మీవి రాక్షస తాబేళ్లయితే, గాలాపాగోస్, ఆల్డాబ్రా లాంటివి, తిండి లేని ట్రీట్ ఒకటి ఉంది. మెడ కింద, వెనక కాలు పక్కన మెత్తటి చర్మం మీద నెమ్మదిగా గోకండి. నాలుగు కాళ్లూ చాపి, మెడ బారుగా పైకెత్తి, ఒళ్లంతా నేలమీంచి లేపి అలా నిలబడిపోతుంది. గాలాపాగోస్‌లో పిచ్చుకల్లాంటి ఫించ్ పక్షులు వచ్చి గోమార్లు ఏరేటప్పుడు అవి నిలబడే తీరు అదే. మనం చేయి తీశాక కూడా కాసేపు అలాగే ఉంటుంది, ఇంకా ఉందేమోనని. కిందికి చేయి పెట్టకండి, నిలబడ్డది ఒక్కసారిగా కూలబడుతుంది.

కొత్తకీపర్ | మంగళవారం, రాత్రి 9:10

ఆల్డాబ్రాలు రెండున్నాయి! రేపే చేస్తాను.

ఇంకొకటి అడగాలి. ఇవన్నీ చూస్తుంటే ఎవరికి ఏం నచ్చుతుందో ముందే ఎలా తెలుస్తుంది?

పాతకాపు | బుధవారం, ఉదయం 5:50

తెలియదు. చూస్తూ ఉండాలి. జపాన్‌లో ఇజు షాబోటెన్ అనే పార్కు ఉంది. 1982లో చలికాలం, ఒక కీపర్ వేడినీళ్లతో నేల కడుగుతుంటే, కాపిబారాలు (ఎలుకజాతిలో పెద్ద జంతువులు) వచ్చి ఆ వెచ్చటి నీటి మడుగులో గుమిగూడాయి. ఆయన వాటిని తరిమి కడుక్కుపోలేదు. వాటికి వేడినీళ్ల తొట్టి కట్టించారు. ఇప్పుడు శీతాకాలంలో ఆ తొట్లో యుజు అనే నిమ్మజాతి పళ్లు తేలేస్తారు, కాపిబారాలు కళ్లు మూసుకుని కూర్చుంటాయి, జనం బారులు తీరి చూస్తారు. ఎవరూ మీటింగ్ పెట్టి ప్లాన్ చేసింది కాదు.

లెక్కలమాస్టారు | బుధవారం, ఉదయం 7:30

చూసింది రాసుకోవాలి కూడా. ట్రీట్‌కు ముందు రోజు, ట్రీట్ రోజు, మర్నాడు, అదే గంటలో, ప్రతి రెండు నిమిషాలకు ఒకసారి తలెత్తి చూసి ఒక గీత పెట్టండి: తిరుగుతోందా, పడుకుందా, వెతుకుతోందా, పచార్లు చేస్తోందా. పెద్ద జూలలో దీనికి లక్ష్యం, ప్రణాళిక, అమలు, నమోదు, అంచనా, సవరణ అని ఆరు మెట్ల పద్ధతి ఉంది. మీకు కాగితం, పెన్సిల్, ఓపిక చాలు. ఎవరో ఒకరు "భలే ఆడింది" అని చెప్పేది లెక్క కాదు.

కొత్తకీపర్ | పండగ మర్నాడు, రాత్రి 8:20

అందరికీ రిపోర్టు. కాళ్లు లాగుతున్నాయి, అయినా ఇవాళ రాయకపోతే మర్చిపోతాను.

మొద్దు: ఎలుగుబంట్లలో మగది ఒక గంట యాభై నిమిషాలు వదల్లేదు. ఆ చప్పుడు నిజంగానే గేటు దాకా వచ్చింది. ఒక బాబు "అమ్మా, అది జ్యూస్ తాగుతోంది" అన్నాడు. ఆడది పావుగంట చూసి, మొద్దును కాలితో దొర్లించుకుంటూ నీళ్లలోకి తీసుకెళ్లింది. మట్టి మూతలన్నీ కరిగిపోయాయి, పని సులువైపోయింది. దానికి వచ్చేసారి వేరే ఏదైనా ఆలోచించాలి, నాకంటే తెలివైనది.

పులి: ల్యాబ్ రిపోర్టు వచ్చాక సంచి వేశాను. దాని దగ్గరికి వెళ్లింది, వాసన చూసింది, పాతకాపు గారు చెప్పినట్టే మూతి ముడిచింది. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. సంచిని చంపలేదు. పక్కకు లాగి, దాని మీద పడుకుని మూడు గంటలు నిద్రపోయింది. ఫొటోల వాళ్లు నిరాశపడ్డారు. గీతల కాగితం మాత్రం వేరే చెప్తోంది. మామూలు రోజు ఆ గంటలో ముప్పై గీతల్లో పదకొండు పచార్లవి. నిన్న రెండు.

కోతులు: పదహారు డబ్బాలు, ఒక్క కాటు లేదు. అందరికంటే చిన్న మెట్టు మీదున్న ఆడకోతికి తొట్టి అవతలి డబ్బా దొరికింది. లోపలి గింజలు తినేసి, ఖాళీ డబ్బా తలకు బోర్లించుకుని ఇరవై నిమిషాలు కూర్చుంది. ఎందుకో నాకు తెలియదు.

నీటికుక్కలకు చేపముక్కలు వెదురు గొట్టాల్లో పెట్టి నీళ్లలో వేశాను. మకావ్‌లకు మెత్తటి కర్రముక్కల్లో గింజలు దూర్చాను, సాయంత్రానికి కర్ర పొట్టయింది. ఏనుగులకు అమ్ముడుపోని చెట్లు ఆరు దొరికాయి. పెద్దది ఒక చెట్టును రోజంతా మోసుకు తిరిగింది, తినలేదు, ఇంకో ఏనుగునూ తిననివ్వలేదు.

ఆల్డాబ్రా మెడ గోకాను. లేచి నిలబడింది. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి, నవ్వకండి.

ఆ రాత్రి నైట్ హౌస్‌లోనే ఉన్నాను. టపాసులు పన్నెండు నుంచి నలభై నిమిషాలు మోగాయి. ఫ్యాన్లు వేసే ఉంచాను. ఏమీ జరగలేదు. పైకప్పు మార్చే సంగతి చూస్తామన్నారు.

ఎదురుప్రశ్న | పండగ మర్నాడు, రాత్రి 8:55

పదకొండు నుంచి రెండు. వచ్చే నెల ఇదే రోజున ఆ గంటలో ఎన్ని గీతలో ఇక్కడ రాస్తారా?

కొత్తకీపర్ | పండగ మర్నాడు, రాత్రి 9:00

రాస్తాను. మంగళ, శుక్రవారాలు సంచి రోజులని బోర్డు మీద ఇప్పుడే రాసొచ్చాను.

పాతకాపు గారూ, ఇంకో డౌటు. మొద్దు రేపు మళ్లీ వాడాలి. చిల్లుల్లో తేనె, మట్టి కలిసి గట్టిపడిపోయింది. ఎలా తీస్తారు?

పాతకాపు | పండగ మర్నాడు, రాత్రి 9:20

రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున్నే పాత టూత్‌బ్రష్‌తో తోము తల్లీ. బ్రష్ మీద ఎర్ర పెయింట్‌తో గుర్తు పెట్టుకో. నేను పెట్టుకోలేదు, మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.